గువ్వలచెరువు ఘాట్‌లో సెకండ్ గేరు

నిన్న కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే ఒక ఆర్టీసీ బస్సు, రెండు సిమెంటు లారీలు, ఆఖరికి ముగ్గురిని మోస్తున్న ఒక పాత స్కూటీ కూడా నన్ను దాటుకుని పోయాయి. స్కూటీ మీద చివర కూర్చున్న ఆమె వెనక్కి తిరిగి చూసింది. జాలిపడిందో, నవ్వుకుందో తెలీదు. నా కాలు మాత్రం ఎక్స్‌లేటరు మీద నేలకు తాకేదాకా నొక్కే ఉంది. బండి సెకండ్ గేరులో పదిహేను దాటి పోనంటోంది.

బండిలో పెద్ద లోడేమీ లేదు. 150 ప్లాస్టిక్ కుర్చీలు, రెండు షామియానాలు, వాటి పైపులు, నాలుగు గుండిగలు. రాయచోటి వైపు ఒక పల్లెలో పెళ్లి. మా టెంట్ హౌస్‌కు కార్తీకమాసం వచ్చిందంటే నిద్ర ఉండదు. అట్లాంటి సమయంలో బండి ఇట్లా మొరాయిస్తే టెన్షన్ రాకుండా ఎట్లుంటుంది?

మాది 2011 మోడల్ చిన్న డీజిల్ ట్రక్కు. రెండే సిలిండర్లు, 16 హార్స్‌పవర్, నాలుగు గేర్లు, సీటు లేపితే కింద ఇంజిన్. దాన్నుంచి పరుగు ఎప్పుడూ ఆశించలేదు. కానీ ఇదే ఘాట్ ఇదే లోడుతో థర్డ్‌లో ముప్పై మీద ఎక్కేది, పెద్ద మలుపుల దగ్గర మాత్రమే గేరు దించేవాణ్ని. ఊళ్లో తిరిగేటప్పుడు తేడా పెద్దగా తెలియడం లేదు. కడప వీధుల్లో ఎక్స్‌లేటరు పూర్తిగా తొక్కే సందర్భం ఎక్కడొస్తుంది? ఎత్తు కనబడితే చాలు, బండికి ప్రాణం పోతోంది.

నెల రోజులుగా సలహాలకు కొదవ లేదు. డీజిల్‌లో కల్తీ అన్నారొకరు. నాజిళ్లు పోయాయన్నారొకరు. ఎయిర్ ఫిల్టర్ నేనే విప్పి దులిపితే కుర్చీల గోడౌన్‌లోని దుమ్మంతా అందులోనే ఉన్నట్టు రాలింది, కొత్తది వేశాను. డీజిల్ ఫిల్టర్ కూడా మార్చాను. ఏమీ లాభం లేదు. పోయిన వారం ఒక షెడ్డులో చూపిస్తే అక్కడి మేస్త్రీ బండి స్టార్ట్ చేసి, రెండుసార్లు రేజ్ చేసి, ఆయిల్ మూత విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, "బోరు అయిపోయిందన్నా, ఇంజిన్ దించాల్సిందే, 35,000 అయితాది" అన్నాడు. అంతా కలిపి ఐదు నిమిషాలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ డబ్బుతో ఇంకో వంద కుర్చీలు వచ్చేవి.

నాయన ఒక్కడే వేరే మాట అన్నాడు. ఆయన ఎద్దుల బండి తోలిన మనిషి. "ఎద్దు లాగకపోతే ముందు ఇరుసు చూడాల, తర్వాత ఎద్దును చూడాల" అని మంచం మీద నుంచే అన్నాడు. నాయన ప్రతిదానికీ ఎద్దులే చెప్తాడు కాబట్టి నేను పట్టించుకోలేదు.

ఈ రోజు పొద్దున్నే చిన్నచౌకు దాటినాక ఉన్న భాయ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయనది షెడ్డు కూడా కాదు, వేపచెట్టు కింద నాలుగు రేకులు. వయసు అరవై పైనే. నేను పోయేసరికి కారం దోసె పొట్లం విప్పుకుని తింటున్నాడు, నన్ను కూడా తినమన్నాడు. తిన్నాను. ఎర్రకారం కళ్లలో నీళ్లు తెప్పిస్తుంటే నా బాధంతా చెప్పుకున్నాను. ఆయన చెయ్యి కడుక్కుంటూ మూడు ప్రశ్నలు వేశాడు.

"నల్లపొగ కొడుతోందా?"

"లేదు భాయ్."

"ఇంజిన్ అరుస్తా ఉండి బండి కదలకుండా ఉంటాందా, లేకుంటే ఇంజినే అరవడం లేదా?"

ఈ మాట నన్నెవరూ అడగలేదు. ఆలోచిస్తే ఇంజినే అరవడం లేదు. ఘాట్‌లో నేను కాలు అణచిపెట్టినా అది మామూలుగా, ఏమీ పట్టనట్టు కూర్చుంది.

"ఎన్నాళ్లయింది? అంతకుముందు బండికి ఏం చేయించినావ్?"

"దసరా నుంచి. ఏమీ చేయించలేదు."

నల్లపొగ ఎందుకు అడిగాడో తర్వాత చెప్పాడు. గాలి చాలకపోతే డీజిల్ పూర్తిగా కాలక నల్లపొగ వస్తుంది. పొగ లేదు, బలమూ లేదు అంటే అసలు డీజిలే తక్కువ పోతోందన్నమాట. ఇంజిన్ అరుస్తుండి బండి కదలకపోతే క్లచ్ జారుతోందని. అది నమ్మకం కోసం చూశాడు. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, టాప్ గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలమన్నాడు. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. "క్లచ్ బాగుంది. జారేదైతే ఇంజిన్ ఆడుతానే ఉండు."

తర్వాత సీటు లేపించాడు. ఇంజిన్ మీద చెయ్యి కూడా వేయలేదు. ఇంజిన్‌కు డీజిల్ పంపే పంపు వైపు టార్చి కొట్టి, "తొక్కు" అన్నాడు. నేను పక్కన నిలబడి వంగి, చేత్తో పెడల్‌ను నేలకు అణిచాను. "ఇంకా తొక్కు." అయిపోయింది భాయ్, నేల తగిలింది అన్నాను. ఆయన ఏమీ అనకుండా నన్ను రమ్మని, కుర్రాణ్ని పెడల్ పట్టుకోమన్నాడు.

అక్కడ చూశాను. డీజిల్ బండిలో మన కాలు తెరిచేది గాలిని కాదు. పెడల్‌కు కట్టిన కేబుల్ పోయి పంపు మీదున్న లివర్‌ను లాగుతుంది, ఆ లివర్ ఎంత తిరిగితే అంత డీజిల్. లివర్ పూర్తిగా తిరిగితే ఆగడానికి ఎదురుగా ఒక చిన్న స్క్రూ ఉంటుంది. కుర్రాడు పెడల్ మొత్తం అణిచిపెట్టినా లివర్ ఆ స్క్రూను తాకడం లేదు. మధ్యలో నా చూపుడువేలు సులువుగా దూరేంత సందు. భాయ్ స్క్రూడ్రైవర్ కొనతో లివర్‌ను మిగతా దూరం నెట్టాడు. బండి ఒక్కసారి గర్జించింది. నెల రోజుల తర్వాత విన్నాను ఆ గొంతు. సగం మేత వేసి ఎద్దులను బండలాగుడు పోటీకి తోలుకుపోయి, లాగలేదని కొట్టినట్టుంది నేను చేసిన పని.

కేబుల్ సాగిందేమో అనుకున్నాను. కొంత సాగింది కూడా, నట్టు తిప్పి బిగించాడు. అయినా ఇంకా సగం సందు మిగిలింది. అప్పుడు భాయ్ నా వైపు వచ్చి, పెడల్ కింద చెయ్యి పెట్టి, "ఇదేంది సామీ?" అన్నాడు.

నూడిల్స్ మ్యాట్. ఆయుధ పూజకు బండి కడిగి, నిమ్మకాయలు తొక్కించి, పూలదండ వేసిన రోజు మా బామ్మర్ది తెచ్చి పరిచాడు. ఎర్రగా, వేలు మందాన, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కింద పాత రబ్బరు మ్యాట్ తీయకుండా దాని మీదే పరిచాడు. పెడల్ పోయి పోయి ఈ రెండు మ్యాట్ల మీద ఆగుతోంది. నా కాలికి తగిలింది నేల కాదు. బండికి ఏం చేయించావంటే ఏమీ చేయించలేదని అంత నిబ్బరంగా ఎట్లా చెప్పానో! మెకానిక్‌కు డబ్బులిస్తేనే చేయించినట్టు లెక్క మనకు.

భాయ్ నవ్వలేదు. కుర్రాడు మాత్రం రేకుల వెనక్కి పోయి నవ్వాడు.

ఇక బండి తీసుకుపోవచ్చనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. రోడ్డు మీద ఒక రౌండు కొట్టి రమ్మని, రాగానే నాలుగు చక్రాల దగ్గరా మగ్గుతో కాసిని నీళ్లు చల్లాడు. వెనక ఎడమ బ్రేకు డ్రమ్ము మీద పడ్డ నీళ్లు మాత్రం సుర్రుమన్నాయి. జాకీ వేసి చక్రం చేత్తో తిప్పితే కుడిది రెండు చుట్లు తిరిగింది, ఎడమది అర చుట్టుకే ఆగింది. హ్యాండ్ బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి వెనక్కి పూర్తిగా రావడం లేదట, లైనర్లు డ్రమ్మును పట్టుకునే ఉన్నాయి. అంటే ఒక పక్క సగం డీజిల్‌తో లాగమంటూ, ఇంకో పక్క బ్రేకు పట్టి పోతున్నాను. చక్రం పట్టేసినా ఏ చప్పుడూ లేదు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అంటారు, ఇది సంగీతం కూడా లేకుండా మోసం చేసింది. నాయన ఇరుసు మాట గుర్తొచ్చింది. ఇంటికెళ్లి చెప్తే ఇంకో నెల ఎద్దుల కథలు వినాలి, అందుకని చెప్పాలా వద్దా అని ఆలోచించాను.

కేబుల్ విప్పి, కిరసనాయిల్‌తో కడిగి, గ్రీజు పెట్టి, బ్రేకు సరిచేసేసరికి రెండయింది. మొత్తం 600 తీసుకున్నాడు. వెయ్యి ఇస్తే నాలుగు వందలు తిరిగి జేబులో పెట్టాడు.

సాయంత్రం ఎట్లాగూ నిన్నటి కుర్చీలు తెచ్చుకోవాలి. పోయేటప్పుడు ఖాళీ బండి కాబట్టి ఘాట్ సులువుగా ఎక్కింది, అది లెక్క కాదని నాకూ తెలుసు. అసలు పరీక్ష లోడుతో ఎక్కినప్పుడు. రేపు అదే వైపు ఇంకో పెళ్లి ఉంది, అప్పుడు చూడాలి. అయినా కాలు కిందికి పోయిన ప్రతిసారీ ఇంజిన్ బదులు పలుకుతుంటే, పిల్లవాడిలాగా ఊరికే రెండుసార్లు ఎక్కువ తొక్కాను. తిరిగొచ్చేటప్పుడు గువ్వలచెరువులో ఆగి అరకిలో పాలకోవా కట్టించుకున్నాను. పావుకిలో భాయ్‌కి, పావుకిలో ఇంటికి. దిగేటప్పుడు సెకండ్‌లోనే దిగాను. ఆ ఘాట్‌లో దిగుడుకు బ్రేకును నమ్ముకున్న వాళ్ల సంగతి అక్కడి మలుపుల్లో చాలాసార్లు చూశాను.

నూడిల్స్ మ్యాట్ ఇప్పుడు షాపు గడప ముందు ఉంది. నాయన దాని మీద కాళ్లు తుడుచుకుని, మెత్తగా ఉంది, ఎక్కడిది అన్నాడు. వినపడనట్టు లోపలికి పోయాను.

తొమ్మిదింటికి బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, బండి షెడ్డుకు పోయిందంట, ఏమైంది?" నా భార్య పక్కనే కూర్చుని కోవా తింటూ నా మొహం చూస్తోంది.

"కేబుల్ లూజు" అన్నాను.