పన్నెండుమంది గుంటలు, ఒక బొంత: పర్లాకిమిడి ఆదివారం కూటం డైరీ

జూన్ 22

మా ఒడిశాలో రజ పండుగ సెలవులు అయిపోయి బడులు తెరిచారు. మా చర్చి సంఘంలో ఆడపిల్లల (మా వైపు మాటలో గుంటల) కూటం మళ్లీ మొదలుపెట్టాం. పన్నెండుమంది వచ్చారు, ఎనిమిదో తరగతి నుంచి ప్లస్ టూ దాకా. పెద్దవాళ్లం ఇద్దరమే, నేనూ పాస్టరమ్మగారూ. మధ్యాహ్నం మూడు నుంచి అయిదు వరకు. తలుపులు తీసే ఉంటాయి, ఏ పిల్లతోనూ ఒక్కళ్లమే గదిలో కూర్చోం. వాట్సాప్‌లో పిల్లల ఫొటోలు పెట్టం. చీకటి పడకముందే జంటలు జంటలుగా ఇళ్లకి పంపుతాం.

పోయినేడాది చేసిన తప్పులు ముందు రాసుకుంటాను. ఐస్‌క్రీం పుల్లలతో సిలువ, మెరుపుల కాగితంతో నక్షత్రం, థర్మాకోల్‌తో పశువుల పాక. ఒక్కోటి ఇరవై నిమిషాల్లో అయిపోయేది. ఆ తర్వాత గంటన్నర ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకునేవాళ్లం. "ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పండి" అంటే అందరూ చాపలో పుల్లలు పీకుతూ కూర్చునేవారు. పదహారేళ్ల పిల్ల చేతికి జిగురు సీసా ఇచ్చి సండే స్కూలు పాపలా చూస్తే ఇంకేం మాట్లాడుతుంది?

అందుకే ఈసారి ఒకే పని, ఆరు నెలల పని పెట్టుకున్నాం. పాత చీరలతో బొంత. ఒక్కొక్కరిదీ ఒక చదరం, దాని మీద తన పేరు తెలుగు అక్షరాల్లో కుట్టాలి.

తెలుగులోనే ఎందుకంటే, వీళ్లంతా ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు బైబిలు చదవమంటే వేలు పెట్టుకుని కూడబలుక్కుంటారు. పాటల పుస్తకంలో పాట కూడా పక్కన ఒడియా అక్షరాల్లో రాసుకుని పాడే పిల్లలున్నారు.

జూన్ 29

బట్ట సంగతి. పాత నూలు చీరలే తెమ్మన్నాను, అయినా సగంమంది పాలిస్టర్ తెచ్చారు. పాలిస్టర్ జారుతుంది, మడత నిలవదు, సూది దిగిన చోట ముడతలు పడుతుంది. పక్కన పెట్టేశాం. నూలు చీరలో కూడా నడుము దగ్గర అరిగిన భాగం వద్దు, కొంగూ కుచ్చిళ్ల లోపలి భాగమూ గట్టిగా ఉంటాయి.

చదరం పన్నెండు అంగుళాలకి కత్తిరించాం. చుట్టూ అర అంగుళం కుట్టులోకి పోతుంది కాబట్టి చివరికి మిగిలేది పదకొండు. పాత క్యాలెండర్ అట్ట ఒకటి కొలిచి కోసి అచ్చులా వాడాం. టేపుతో ఎవరికి వాళ్లు కొలుచుకుంటే పన్నెండు చదరాలూ పన్నెండు రకాలుగా వస్తాయి.

ఒక పిల్ల తెచ్చిన నీలం చీర వాళ్ల నాన్నమ్మది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఇంటి పైకప్పు లేచిపోయినప్పుడు ట్రంకుపెట్టెలో నీళ్లు చేరితే, ఆ చీరకి తుప్పు మరక పట్టిందట. మరక లేని వైపు కోద్దామన్నాను. "ఒద్దక్కా, మరకున్న దగ్గరే కోయండి" అంది. అక్కడే కోశాను.

జులై 6

ఖర్చు: దారం లచ్చులు 24, ఒక్కోటి పన్నెండు చొప్పున 288. బట్ట బిగించే చెక్క రింగులు ఆరు అంగుళాలవి ఆరు, 300. సూదులు రెండు ప్యాకెట్లు 40. పసుపు కార్బన్ కాగితం 20. మొత్తం 648 రూపాయలు. ముదురు రంగు బట్ట మీద నీలం కార్బన్ కనబడదు, పసుపుది కావాలి. ఆటోలో పాతపట్నం వెళ్లి తెచ్చుకున్నాను. ఆరు రింగులే కొనడం పొదుపు కోసం కాదు. ఒక రింగుకి ఇద్దరు చొప్పున కూర్చుంటే ఒకరు కుడుతుంటే ఒకరు దారం ఎక్కిస్తారు, మాట దానంతట అదే పుడుతుంది.

దారం పొడవు మూర. అంతకంటే ఎక్కువ తీస్తే చిక్కు పడుతుంది. లచ్చిలో ఆరు పోగులుంటాయి, మూడు విడదీసి వాడాలి. లాగేటప్పుడు మూడూ కలిపి లాగితే ఉండ కడుతుంది, ఒక్కో పోగు విడిగా లాగి తర్వాత కలుపుకోవాలి. ఇది చెప్పడం మర్చిపోయాను. మొదటి గంటలో నాలుగు లచ్చులు పిచ్చుక గూళ్లయ్యాయి.

జులై 20

అక్షరాలు. రెండంగుళాల ఎత్తు గీశాం, గొలుసు కుట్టు. మన అక్షరాలకి గొలుసు కుట్టులాంటిది లేదు, వంపు తిరిగిన చోటల్లా తనూ తిరుగుతుంది. కుట్టు బియ్యపుగింజ కంటే పొడుగైతే వంపు మూలలు పడుతుంది. ఒళ్లు ముందు, తలకట్టు చివర. తలకట్టుని వీళ్లు టిక్కు అంటున్నారు, బడిలో మాస్టారు పెట్టే రైటు గుర్తు లాగే ఉందని. నిజమే కదా!

సున్నాతో పెద్ద చిక్కొచ్చింది. ఒడియాలో 'ఠ' అచ్చం మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. ఒకమ్మాయి 'రంగు'ని 'రఠగు' అని చదివేసరికి అందరూ పడీ పడీ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది కాబట్టి సరిపోయింది. 'వ' కుట్టి దానికి కొమ్ము తగిలిస్తే 'మ' అయిపోతుందని ఇంకో పిల్ల తనంతట తానే కనిపెట్టి, పక్కవాళ్లకి పాఠం చెప్పడం మొదలుపెట్టింది. నేను పుస్తకం పట్టుకుని నెల్లాళ్లు చెప్పినా రానిది అది.

పేరులో 'ర్ణ' ఉన్న అమ్మాయి ఒక్కతీ వెనకబడింది. ఒత్తులూ వలపలగిలకలూ ఉన్నవాళ్లకి మూడంగుళాల ఎత్తు గీయాలి. రెండులో ఇరుక్కుపోతాయి.

ఆగస్టు 3

కూర్చోగానే ఇరవై నిమిషాలు ఏమీ మాట్లాడం, కుట్టడమే. ఆ తర్వాత డబ్బాలోంచి ఒక చీటీ తీస్తాం. పేరు లేకుండా ఎవరైనా ప్రశ్న రాసి వేయొచ్చు. చాలా చీటీలు తెలుగు మాటలే, ఒడియా అక్షరాల్లో.

"అన్నకి ఫోన్ కొన్నారు, నాకెందుకు కొనరు?" దీని మీద గంట నడిచింది. నేను నోరెత్తలేదు.

"నెలసరి రోజుల్లో చర్చికి రావచ్చా?" దీనికి మాత్రం నేనే చెప్పాను, మార్కు సువార్త 5వ అధ్యాయం తీసి. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడ్డ స్త్రీ జనంలోకి వచ్చి యేసు వస్త్రం ముట్టుకుంటే ఆయన కసురుకోలేదు, కుమారీ అని పిలిచాడు. చీటీ రాసినదెవరో నాకు తెలీదు. ఆ రోజు ఎవరూ తల ఎత్తలేదు. నేను కూడా ఎవరి మొహమూ చూడకుండా నా చదరం నేను కుట్టుకున్నాను.

ఆగస్టు 17

ప్రమాదం. ఒక ఎర్ర చదరం రంగు వదిలింది. ముట్టుకున్న తెల్ల చదరం గులాబీ అయిపోయింది. కోసేముందు ఉప్పునీళ్లలో నానబెట్టి, పిండి, తెల్ల గుడ్డతో రుద్ది చూడాల్సింది. నేనే బద్ధకించాను. తెల్ల చదరం పిల్ల ఏడ్చింది. "అక్కా, పీకీసీనా?" అంది. పేరంతా కుట్టేశాక ఏం పీకుతుంది? ఎర్ర చదరం పిల్ల తన లచ్చిలోంచి గులాబీ దారం తీసి, ఆ మరక చుట్టూ పువ్వు రేకులు కుట్టిపెట్టింది. వీళ్లిద్దరూ జూన్ నుంచి మాట్లాడుకోవడం లేదని పాస్టరమ్మగారు తర్వాత చెప్పారు.

ఆగస్టు 31

మొన్న 29న తెలుగు భాషా దినం. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లోనే బడిపంతులని పిల్లలకి తెలీదు. 1880లో ఇక్కడ ఉద్యోగంలో చేరి, కొండల మీద ఉండే సవర గిరిజనుల మాట నేర్చుకుని, వాళ్ల కోసం పుస్తకాలు రాశారు. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఊరు ఇటు కలిశాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మా కూటంలో ఒక సవర పిల్ల ఉంది. అంతవరకు తన చదరం మీద ఏం కుట్టాలో తేల్చుకోలేకపోతోంది. ఆ రోజు పేరు కింద చేతులు పట్టుకుని ఆడే ఆడవాళ్ల వరస గీసింది. సన్నటి గీతలతో ఒళ్లు, పైన చుక్క తల. వాళ్ల గోడల మీద ఎర్రమట్టి పూసి బియ్యప్పిండితో వేసే బొమ్మల తీరు.

దీనికి సంఘంలో ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు, అవి మొక్కుకునే బొమ్మలని. ఆయన మాట పూర్తిగా తప్పు కాదు. ఇడితాల్ అనే ఆ గోడబొమ్మ ఊరికే అలంకారం కాదు, చుట్టూ ఇల్లులా చట్రం గీసి ఆత్మల కోసం వేస్తారు. ఆ సంగతి మా అందరికంటే ఆ పిల్లకే బాగా తెలుసు. "నాను చట్రం గీయలేదు కదా తాతగారూ, ఇది పెళ్లిలో ఆట" అంది. ఆయన కళ్లజోడు సవరించుకుని వెళ్లిపోయారు. ఒప్పుకున్నారో లేదో తెలీదు, మళ్లీ అయితే అడగలేదు.

సెప్టెంబరు 14

బొంత ఎవరికివ్వాలి? అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చదివాం. యొప్పేలో తబిత చనిపోతే, ఆమె కుట్టిచ్చిన అంగీలు చూపిస్తూ విధవరాళ్లు ఏడ్చారు. మన దగ్గర ఎవరున్నారని అడిగితే పన్నెండుమందీ ఒకే మాట, చర్చి ఊడ్చే మామ్మ.

అక్కడే నా లెక్క తప్పింది. పన్నెండు చదరాలంటే మూడు వరసలు, నాలుగు నిలువులు. 33 అంగుళాలకి 44. పసిపాపకి సరిపోతుంది, మామ్మకి పాదాల దాకా రాదు. ఇరవై చదరాలు కావాలి. అప్పుడు 44కి 55, చుట్టూ ఆరంగుళాల చీర అంచు వేస్తే 56కి 67. మామ్మ పొట్టి మనిషే, చాలు. నాదొకటి, పాస్టరమ్మగారిదొకటి, తబిత పేరుతో ఒకటి. ఇంకా అయిదు మిగిలాయి.

స్త్రీల కూడికల్లో బైబిల్లోని సామెతలు 31వ అధ్యాయం విని విని ఈ పిల్లలకి గుణవతి అంటేనే ఆవులింత వస్తుంది. అందుకని సంఖ్యాకాండము 27 తీశాను. సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. నాన్న చనిపోయాడు, అన్నదమ్ములు లేరు, మాకు భూమి ఇవ్వరా అని మోషే ముందుకొచ్చి నిలబడ్డారు.

"మోషేనే అడిగీసారా? దేముడు ఏటన్నాడు?"

"వాళ్లు చెప్పింది న్యాయమేనన్నాడు."

సూదులు ఆగిపోయాయి. అయిదు చదరాలకి అయిదు పేర్లు దొరికాయి. ప్లస్ టూ పిల్ల మాత్రం ఇంటికెళ్లి ముందుకు చదివేసి తర్వాతి వారం నిలదీసింది, "36లో కొర్రీ పెట్టారు కదక్కా, మీరు చెప్పలేదే!" సొంత గోత్రంలోనే పెళ్లి చేసుకోవాలన్నారు, చివరికి బాబాయిల కొడుకుల్నే చేసుకున్నారు. "అన్నదమ్ముల వరస కదా, ఛీ" అని గోలగోల. వరసలు మనవి వేరు, వాళ్లవి వేరు అని సర్దిచెప్పేసరికి అయిదయింది.

సెప్టెంబరు 28

ఒకమ్మాయి హొగ్లాలో 'గ' కుడుతూ, తల ఎత్తకుండా, "పదహారుకి పెళ్లి చేస్తే పోలీసులొస్తారా అక్కా?" అంది. రావచ్చని చెప్పాను. 2006 చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని ఆడపిల్లకి పెళ్లి చేసినవాళ్లకి, చేయించినవాళ్లకి శిక్ష ఉంటుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు, పిల్లలే చేయొచ్చు. అందరూ వెళ్లాక ఆమెని వాకిట్లో, పాస్టరమ్మగారు కూడా ఉండగా, అడిగాను. ఇది నా కడుపులో దాచుకోలేను తల్లీ అని ముందే చెప్పి అడిగాను. మొదటి రోజునే పిల్లలందరికీ చెప్పిన షరతు అది. మీకు కీడు జరిగే విషయమైతే రహస్యం ఉండదని.

మర్నాడు ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. మేనమామ సంబంధమట. "ఊరికే మాటలే అనుకున్నాం" అంది వాళ్లమ్మ, టీ ఇచ్చింది. పిల్ల ప్రతి ఆదివారం వస్తోంది. ఆమె రాని ఆదివారం ఉంటే ఏం చెయ్యాలో మేమిద్దరం అనుకుని ఉన్నాం.

నవంబరు 9

చదరాలు పాస్టరమ్మగారి మిషన్ మీద కలిపాం. ముందు అడ్డ వరసలు, తర్వాత వరసకి వరస. బల్లలు గోడకి జరిపి చర్చి నేల మీద పరిచాం. కింద పాత దుప్పటి, మధ్యలో రెండు మెత్తటి చీరలు, పైన చదరాలు. మధ్యలోంచి అంచులకి జానెడు దూరంలో కచ్చా కుట్లు. అంచు నుంచి మొదలుపెడితే మధ్యలో బుడగ వస్తుంది. ఆ తర్వాత ఆరుగురు చుట్టూ కూర్చుని నాలుగువేళ్ల దూరానికో వరస రన్నింగ్ స్టిచ్. తెల్ల దారం రీళ్లు మూడు, 90 రూపాయలు. మొత్తం ఖర్చు 738.

డిసెంబరు 14

మామ్మకి ఇచ్చాం. ముందు తిరగేసి చూసింది.

"వెనకాల ఇన్ని ముడులేటే గుంటల్లారా?"

తర్వాత ఒళ్లో పరుచుకుని, తనకి చదువు రాదు కాబట్టి, ఒక్కో చదరం మీద వేలు పెట్టి ఇదేటి, ఇదేటి అని అడిగింది. జులైలో 'రఠగు' అన్న పిల్లే పక్కన కూర్చుని ఇరవై పేర్లూ చదివింది. తిర్సా దాకా అయ్యాక మామ్మ కాసేపు చూసి, "మరి నా పేరేదే?" అంది.

అందరం గతుక్కుమన్నాం. ఆరు నెలల్లో ఒక్కరికీ తట్టలేదు. కింది అంచు ఆరంగుళాల వెడల్పు ఖాళీగానే ఉంది. సూదుల డబ్బా పాస్టరమ్మగారింట్లో ఉండిపోతే ఒకమ్మాయి పరుగెత్తింది. మామ్మ పేరు మూడక్షరాలే, ఒత్తుల్లేవు. కార్బన్ లేదు, పెన్సిలుతో గీశాం. మామ్మ బొంత ఒళ్లోంచి తియ్యనివ్వలేదు, అలాగే కుట్టారు, అటొకరు ఇటొకరు. గొలుసు కుట్టు, మూడు పోగులు, నలభై నిమిషాలు. ముడి వెనక్కి కనబడకుండా లోపలికి దోపారు.