సాకెట్ ఒకటే కదా అని కొనేయకండి

గత నెల మా తమ్ముడి డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్ మార్చాం. అరగంట పని అనుకున్నది రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులూ టెన్షనే. మీకు ఆ బాధ లేకుండా ఉండాలని ఇదంతా రాస్తున్నాను.

వాడిది 2018లో అసెంబుల్ చేయించిన సిస్టమ్. ఏఎండీ వాళ్ల రైజెన్ 5 1600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, ఒక గ్రాఫిక్స్ కార్డు. చెడిపోయిందేమీ లేదు. కానీ విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది, విండోస్ 11 లిస్టులో చూస్తే మొదటి తరం రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు లేవు. ఏఎండీ కొత్త సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ఏఎం5కి వెళ్దామంటే అది డీడీఆర్5 తప్ప తీసుకోదు, అంటే బోర్డుతో పాటు ర్యామ్ కూడా కొత్తది కొనాలి. అందుకే ఉన్న బోర్డులోనే రైజెన్ 5 5600 పెడదామనుకున్నాం.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఒక షాపుకెళ్లి అడిగితే, "సాకెట్ ఒకటే కదన్నా, ఏఎం4కి ఏఎం4, పెట్టేస్తే అయిపోతది" అన్నాడు. బయోస్ (సిస్టమ్ ఆన్ చేయగానే ప్రాసెసర్‌ని గుర్తుపట్టి మొదలుపెట్టే, బోర్డులోని ప్రోగ్రామ్) మాటే ఎత్తలేదు. పైగా పాత ప్రాసెసర్ ఇచ్చేస్తే కొంత తగ్గిస్తానన్నాడు. తమ్ముడు ఇచ్చేద్దామన్నాడు గానీ, ముందు కొత్తది పనిచేయనీరా, తర్వాత చూద్దాం అని ఆపాను. ఆ ఒక్క మాటే మమ్మల్ని కాపాడింది.

ఇంటికొచ్చి ప్రాసెసర్ మీది కూలర్ స్క్రూలు విప్పి పైకి లాగితే, కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేసింది, లివర్ లాక్‌లో ఉండగానే. రెండింటి మధ్యా వేడి లాగడానికి పూసిన ఏడేళ్ల థర్మల్ పేస్ట్ గట్టిపడి జిగురులా పట్టేసింది. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్ కిందే ఉంటాయి, 1331 పిన్నులు. తిప్పి చూస్తే ఒక మూల రెండు వంగిపోయి ఉన్నాయి. ఇది జరగకూడదంటే విప్పే ముందు సిస్టమ్‌ను ఓ పది నిమిషాలు బాగా పనిచేయించి వేడెక్కనివ్వాలి, ఆఫ్ చేసి, ప్లగ్ తీసేసి, స్క్రూలు విప్పాక కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేసి అప్పుడు ఎత్తాలి. నిలువుగా లాగకూడదు.

సరే, 5600 పెట్టాం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. కారణం చిన్నదే. వాడి బోర్డులో ఉన్నది 2018 నాటి బయోస్. రైజెన్ 5000 సిరీస్ మొదలైందే 2020 నవంబరులో, 5600 వచ్చింది 2022 ఏప్రిల్‌లో. తనకంటే తర్వాత పుట్టిన ప్రాసెసర్‌ని ఆ బయోస్ ఎలా గుర్తుపడుతుంది? అప్‌డేట్ చేద్దామంటే, ప్రాసెసర్ లేకుండా పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ కొన్ని బోర్డులకే ఉంటుంది, మా బోర్డుకు లేదు. మళ్లీ పాత 1600 పెట్టాల్సిందే, దాని పిన్నులేమో వంగి ఉన్నాయి.

ములుకు తీసేసిన పెన్ పెన్సిల్ కొనను వంగిన పిన్ను మీదికి తొడిగి, ఊపిరి బిగబట్టి, ఒక్కో పిన్నును వెంట్రుకవాసి చొప్పున నిలబెట్టాను. గంట పట్టింది. బలవంతం చేస్తే విరుగుతుంది, విరిగితే ఇక ఆ ప్రాసెసర్ మీద ఆశ వదులుకోవాల్సిందే. అదృష్టం, సాకెట్‌లో నొక్కకుండానే దిగింది, డిస్‌ప్లే వచ్చింది. అప్పటికి రాత్రి అయింది, మధ్యలో కరెంటు పోతే బోర్డే పోతుందని ఆగి, మర్నాడు పక్కింటివాళ్ల యూపీఎస్ తెచ్చుకుని బయోస్ అప్‌డేట్ చేశాం.

సాకెట్‌లో పట్టడం వేరు, పనిచేయడం వేరు. ఏఎండీ 2020లో ముందు బీ450 లాంటి 400 సిరీస్ బోర్డులకు జెన్ 3 (రైజెన్ 5000 సిరీస్‌లో 5600 లాంటివాటి డిజైన్) సపోర్ట్ ఉండదనే చెప్పింది, జనం గట్టిగా అడిగాక మనసు మార్చుకుంది. చాలా పాత బోర్డుల్లో బయోస్ చిప్ 16 ఎంబీయే, అన్ని తరాల ప్రాసెసర్లకూ అందులో చోటు చాలదు, అందుకే కొన్ని బోర్డుల కొత్త బయోస్‌లో కొన్ని పాత ప్రాసెసర్లను తీసేశారు. ఇంటెల్‌లో ఇంకా ఘోరం. ఎల్‌జీఏ 1151 అని 6, 7 తరాలకూ, 8, 9 తరాలకూ ఒకే పేరు, అన్నే కాంటాక్టులు, కానీ 8వ తరం ప్రాసెసర్ 6, 7 తరాలు నడిచే 200 సిరీస్ బోర్డులో నడవదు. 12వ తరం నుంచి 14 దాకా సాకెట్ ఒకటే, అయినా డీడీఆర్4 బోర్డులు వేరు, డీడీఆర్5 బోర్డులు వేరు.

కాబట్టి కొనే ముందు విండోస్ రన్‌లో ఎంఎస్ఇన్ఫో32 (msinfo32) అని కొట్టండి, బోర్డు మోడల్, బయోస్ వెర్షన్, తేదీ కనిపిస్తాయి. ఆ బోర్డు కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్ట్ తీసి, మీకు కావలసిన ప్రాసెసర్ ఎదురుగా ఏ బయోస్ నుంచి అని రాసి ఉందో చూసి, పాత ప్రాసెసర్ మీదనే అప్‌డేట్ చేసి, తర్వాత షాపుకెళ్లండి. విండోస్‌లో డ్రైవ్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కూడా ముందే రాసి పెట్టుకోండి, ప్రాసెసర్ మారగానే, ఆ తాళంచెవి దాచి ఉంచే ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయమంటారా అని బోర్డు అడుగుతుంది, కీ లేకుండా సరే అంటే డ్రైవ్ తెరుచుకోదు.

ఇంత కష్టపడ్డందుకు తేడా ఉందా అంటే, ఉంది. 1600లోనూ 5600లోనూ 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లే. కానీ పాతదాంట్లో 16 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) రెండు ముక్కలుగా ఉండేది, కొత్తదాంట్లో 32 ఎంబీ అన్ని కోర్లకూ ఉమ్మడి, బూస్ట్ 3.6 నుంచి 4.4 గిగాహెర్ట్జ్‌కి పెరిగింది. 5600లో లోపల గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేనివాళ్లు 5600జీ చూసుకోవాలి, దానికి క్యాష్ 16 ఎంబీయే. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉంటే వాటిలోనూ లోపల గ్రాఫిక్స్ ఉండదు.

వాడి ర్యామ్ మీద 3200 అని రాసి ఉన్నా పాత ప్రాసెసర్‌తో ఆ స్పీడులో హ్యాంగ్ అయ్యేది, ఇన్నేళ్లూ 2666లోనే పెట్టి వాడాడు. 5600 పెట్టాక బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన స్పీడుకి పెట్టే సెట్టింగ్) ఆన్ చేస్తే మారు మాట్లాడకుండా 3200కి ఎక్కింది. టాస్క్ మేనేజర్‌లో ఆ అంకెను ఫొటో తీసి రాత్రి పన్నెండింటికి నాకు పంపాడు.