బోర్డు మీద మాయమైన గుర్తు

పదో తరగతికి వర్గ సమీకరణాలు చెబుతున్నాను. నేనే రాసిన సమీకరణంలో సమానం గుర్తు కనిపించలేదు. చెరిగిందేమోనని మళ్లీ రాశాను. అదీ కనిపించలేదు. ఆ ఖాళీ చుట్టూ రంపపు పళ్లలాంటి వెలుగు గీత ఒకటి పుట్టి, మిలమిలలాడుతూ, కొడవలిలా వంగి కుడివైపు పాకింది. "టీచర్, రెండుసార్లు రాశారు" అంది ముందు బెంచీ పిల్ల. తిరిగి చూస్తే ఆ పిల్లకు కళ్లున్నాయి, నోరు లేదు. ఒళ్లు చల్లబడింది.

ఇరవై నిమిషాలకు చూపు మామూలైంది. హమ్మయ్య అనుకునేలోపే కణతలో పోటు. రాత్రి వాంతులయ్యేదాకా వదల్లేదు.

చూపు సమస్యే అనుకుని ఏడాదిలో రెండుసార్లు కళ్లజోడు మార్చాను. తలనొప్పికి దాదాపు రోజూ మాత్ర వేసుకునేదాన్ని. అత్తయ్య శొంఠి అరగదీసి పట్టు వేసేవారు. ఆ మంటకంటే ఆవిడ చెయ్యి నుదుటి మీద ఉండటమే హాయిగా అనిపించేది.

చివరికి న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్తే, "ఎప్పుడైనా ఒక కన్ను మూసి చూశారా?" అని అడిగారు. తర్వాతిసారి చూశాను. ఏ కన్ను మూసినా అదే గీత, అదే చోట. అంటే తేడా కంట్లో లేదు. మెదడు వెనక, చూపును చూసుకునే భాగంలో, నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున ఒక అల పాకుతుందట. లెక్కల టీచర్ని కదా, ఇరవై నిమిషాలకు 6 సెంటీమీటర్లు అని వెంటనే లెక్కేసుకున్నాను. పార్శ్వపు నొప్పికి, అంటే మైగ్రేన్‌కి, ముందొచ్చే ఈ దశను ఆరా అంటారు.

ఆయన అడిగిన రెండో ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నాను. "హార్మోన్ మాత్రలేమైనా వాడుతున్నారా?" నెలసరి సరిగ్గా రావడానికి ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు రెండేళ్లుగా వాడుతున్నాను. ఆరా వచ్చేవాళ్లకు పక్షవాతం ముప్పు మామూలుకంటే కొంచెం ఎక్కువ, ఈ మాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి, ఆపేయాలన్నారు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. తలనొప్పికీ నెలసరి మాత్రకీ ముడి ఉంటుందని ఎవరికి తోస్తుంది! అమ్మాయిలూ, మీకు ఇలాంటి గీతలు కనిపిస్తుంటే మీ గైనకాలజిస్టుకు ఆ మాట తప్పక చెప్పండి.

ఉబ్బసం లేదని నిర్ధారించుకున్నాకే నొప్పి రాకుండా రోజూ వేసుకోవడానికి ప్రొప్రనొలాల్ అనే మాత్ర రాశారు. వచ్చిన నొప్పిని తగ్గించే సుమాట్రిప్టాన్ మాత్రం గీత కనిపించినప్పుడు కాదు, నొప్పి మొదలవగానే వేసుకోవాలి. రోజువారీ నొప్పి మాత్రలే కొత్త నొప్పిని తెస్తున్నాయని అవి మానిపించారు. మానిన మొదటి రెండు వారాలు నరకమే. చెయ్యి తిమ్మిరెక్కి పట్టు తప్పినా, గీత గంట దాటినా వెంటనే ఆసుపత్రికి రమ్మన్నారు.

నొప్పి వచ్చిన రోజులు డైరీలో రాసుకుంటే శనివారాలు బయటపడ్డాయి. ఒక్కపొద్దు రోజులు. భయపడుతూ అత్తయ్యకు చెప్పాను. "స్వామికి నీ ఆకలితో ఏం పనే, తిని దండం పెట్టుకో" అన్నారు.

ఈ ఏడాది రెండుసార్లే వచ్చింది. రెండోసారి క్లాసులోనే. చాక్‌పీసు పక్కన పెట్టి కుర్చీలో కూర్చున్నాను. పిల్లలు ఏమీ అడక్కుండా కిటికీ రెక్కలు మూశారు. గీత మెల్లగా వంగి, కుడి అంచు దాటి వెళ్లిపోయింది. నొప్పి కోసం ఎదురుచూశాను. రాలేదు.