ఫైర్ పంపు కేబుల్ ఎంచుకునేటప్పుడు సర్టిఫికెట్‌లో ఏం చదవాలి

భీమవరంలో ఒక ఆసుపత్రి భవనానికి విద్యుత్ పనులు చూస్తున్నప్పుడు, ఫైర్ పంపుకూ మెట్లదారి ఎమర్జెన్సీ దీపాలకూ కావలసిన కేబుల్ కోసం కొటేషన్లు తెప్పించాను. ఒకరు ఎఫ్ఆర్ఎల్ఎస్ కేబుల్ ముక్క పంపి, "ఇది మంటను తట్టుకుంటుందండీ" అన్నారు. ఆ మాట నన్ను చాలా కలవరపెట్టింది. ఎఫ్ఆర్ఎల్ఎస్ కేబుల్ మంటను తన పొడవునా పాకనివ్వదు, పొగ తక్కువ వదులుతుంది. అంతేగాని మంటలో కాలుతూ కూడా కరెంటు మోస్తుందన్న హామీ ఏదీ అందులో లేదు. మరొకరు పంపిన, మంటలోనూ కరెంటు మోసేలా చేసిన ఫైర్ సర్వైవల్ కేబుల్‌ను బ్లేడుతో చీల్చి చూస్తే రాగి తీగ మీద మైకా టేపు కనిపించింది, గోటితో గీకితే పొలుసులుగా రాలింది. పై తొడుగంతా కాలి బూడిదైనా తీగకు తీగ తగలకుండా కాపాడేది ఆ టేపే.

అయితే సర్వైవల్ కేబుళ్లన్నీ ఒకే పరీక్షకు నిలిచినవి కావు. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60331 అన్న ఒక్క అంకె చూసి తృప్తిపడకూడదు. అందులో 21వ భాగం కనీసం 750 డిగ్రీల మంటనే అడుగుతుంది, కేబుల్‌ను కుదిపే దెబ్బ లేదు, దాని మీద చల్లే నీరు లేదు. 1, 2 భాగాలు కనీసం 830 డిగ్రీల మంటతో పాటు 5 నిమిషాలకొక దెబ్బను కూడా అడుగుతాయి.

బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 6387లో సి పరీక్ష 950 డిగ్రీల వద్ద 3 గంటలు సాగుతుంది. డబ్ల్యూలో 650 డిగ్రీల మంట మీద నీటి జల్లు, జెడ్‌లో 950 డిగ్రీల వద్ద 15 నిమిషాల పాటు దెబ్బలు ఉంటాయి. వినడానికి ఇది అన్నిటికన్నా కఠినంగా ఉంటుంది గాని, మూడు పరీక్షలకూ మూడు వేర్వేరు ముక్కలు వాడతారు. నిజంగా అగ్నిప్రమాదం జరిగితే వేడీ, రాలిపడే పెచ్చులూ, ఫైరింజను నీళ్లూ ఒకే కేబుల్ మీద పడతాయి కదా! అందుకే 20 మిల్లీమీటర్ల వ్యాసం దాటిన పవర్ కేబుళ్లకు, మంటనూ దెబ్బనూ నీటినీ ఒకే ముక్క మీద ప్రయోగించే బీఎస్ 8491నే నేను ఎక్కువగా నమ్ముతాను. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల 3013 ప్రమాణం ఇంకా ముందుకు వెళ్లి, కేబుల్‌ను దాని ఆధారాలతో సహా కొలిమిలో పెడుతుంది. 2 గంటలకు ఆ వేడి దాదాపు 1050 డిగ్రీలకు చేరుతుంది. రాగి కరిగేది 1085 వద్ద.

పరీక్షలు చెప్పని సంగతి మరొకటి ఉంది. ఐఈసీ పరీక్షలో కేబుల్ చివర చిన్న దీపం ఆరకుండా, 2 ఆంపియర్ల ఫ్యూజు పోకుండా ఉంటే చాలు. కాని 900 డిగ్రీల వద్ద రాగి నిరోధం మామూలు కన్నా నాలుగు రెట్లు దాటుతుంది. దీపం వెలిగినంత మాత్రాన, స్టార్టింగ్‌లో ఎన్నో రెట్ల కరెంటు లాగే పంపు మోటారు తిరుగుతుందనుకోలేము. కాబట్టి కేబుల్ మంటల్లో చిక్కుకునే మేర పొడవును విడిగా లెక్కకట్టి, వోల్టేజి డ్రాప్ (కేబుల్ నిరోధం వల్ల దారిలో తగ్గే వోల్టేజి) చూసి సైజు పెంచాను.

మినరల్ ఇన్సులేటెడ్ కేబుల్ (ప్లాస్టిక్‌కు బదులు ఖనిజపు పొడిని తీగల చుట్టూ దట్టించినది) కూడా ఆలోచించాను. దానిలోని మెగ్నీషియం ఆక్సైడ్ కోసిన చివర నుంచి తేమను పీల్చుకుంటుంది గనుక, మన డెల్టా వానాకాలంలో కోసిన వెంటనే సీలు వేయగల పనివారు దొరికితేనే అది సాధ్యం. వారు దొరకలేదు. చివరికి మైకా టేపు కేబులే తీసుకుని, ప్లాస్టిక్ టైలు వద్దని చెప్పి, స్టీలు క్లాంపులతో బిగింపించాను.