స్టీలు పైపులో అమ్మమ్మ

ఇంటికి చుట్టాలొస్తే సాలార్‌జంగ్ మ్యూజియం చూపించే పని నాదే. వాళ్లంతా మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గర గుమిగూడతారు. నేను మాత్రం ఆ జంట బొమ్మ దగ్గర ఆగిపోతాను. ఒకే చెక్క దుంగ. ఎదురుగా చూస్తే మెఫిస్టోఫిలిస్ అనే సైతాను, వెనకున్న అద్దంలో తల వంచుకున్న మార్గరెట్టా అనే అమ్మాయి. అద్దం తీసేస్తే సగం బొమ్మ పోయినట్టే. మొన్నామధ్య వెళ్లొచ్చాక, అద్దం లేకపోతే అర్థం కాని బొమ్మ ఒకటి నేనూ చెయ్యాలని పురుగు తొలిచింది.

చెక్కడం రాదు, గీయడం వచ్చు. అందుకని అనమార్ఫోసిస్ పట్టుకున్నాను. అంటే కాగితం మీద వంకరటింకరగా ఉన్న బొమ్మ ఒక్క చోటు నుంచో, గుండ్రటి అద్దంలోనో చూస్తేనే తిన్నగా కనిపించడం. జర్మన్ చిత్రకారుడు హోల్బైన్ 1533లో వేసిన 'ది అంబాసిడర్స్' పటంలో ఇద్దరు దొరల కాళ్ల దగ్గర సాగదీసిన మరక లాంటిది ఉంటుంది. ఓరగా చూస్తే అది పుర్రె. నాకు పుర్రెలెందుకు, అమ్మమ్మ మొహం చాలనుకున్నాను.

గుండ్రటి అద్దానికి మొదట వంటింట్లో స్టీలు గ్లాసు తీశాను. పైన వెడల్పు, కింద సన్నం, మధ్యలో ఏళ్ల తరబడి తోమిన గీతలు. మొహం కాదు కదా, వేలు కూడా సరిగ్గా కనపడలేదు. మెరుపు కాగితం చుట్టి చూస్తే ముడతలు. చివరికి రాణీగంజ్‌లో ఒక పైపుల షాపుకి వెళ్లి నాలుగంగుళాల స్టీలు పైపు ముక్క అడిగాను. "గేటుకా అక్కా, రెయిలింగుకా?" అన్నాడు. "బొమ్మ చూసుకోడానికి" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, మిగిలిన తుంపు ఒకటి కోసిచ్చాడు. కోత కొంచెం వాలుగా వచ్చింది, పైపు నిలబెడితే తూలుతోంది. బతిమాలి మళ్లీ కోయించాను. లేకపోతే ఎంత లెక్క వేసినా దండగే.

ఇక లెక్క. ఫోటో మీద గడులు గీసి, కాగితం మీద వాటికి జతగా వేరే గడులు గీయాలి. నిలువు గీతలు పైపు చుట్టూ విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటాయి, అడ్డగీతలు వంపులవుతాయి. చూసే కన్ను బల్లకి 40 సెంటీమీటర్ల ఎత్తులో, పైపుకి 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటుందనుకున్నాను. పైపులో 1 సెంటీమీటరు ఎత్తున కనిపించాల్సింది కాగితం మీద పైపుకి 1.3 దూరంలో ఉండాలి. 5 ఎత్తున కనిపించాల్సింది 7 దాటుతుంది. 10 అయితే దాదాపు 17. అంటే గడ్డం పైపుని అంటుకుని ఉంటుంది, నుదురు మాత్రం చాపలా పరుచుకుంటుంది. పక్కల లెక్క ఇంకా తిరకాసు. అక్కడ లెక్క మానేసి పైపులోకి చూస్తూ చెరిపి చెరిపి దిద్దుకున్నాను. పెన్సిలు నా వైపు లాగితే పైపులో పైకి పోతుంది! మొదటి రోజు చెయ్యి నా మాట వినలేదు.

మూడు ఆదివారాలు పట్టింది. ఒక బొమ్మ అచ్చంగా వచ్చిందని మురిసిపోతుంటే అమ్మ చూసి, "ముక్కుపుడక ఎడమకి పెట్టావేమే?" అంది. గడుల్లో బొమ్మ నింపేటప్పుడు నేను పైపు వెనక కూర్చుని గీశాను, దిద్దేదీ చూసేదీ అవతలి వైపు నుంచి. కుడి ఎడమైపోయింది. ఫోటోని ముందే తిరగేసుకుని మొదలుపెట్టాల్సింది. మళ్లీ మొదటి నుంచి.

రెండోదాన్ని అమ్మమ్మ ముందు పెట్టాను. ముందు కాగితమే చూసింది. "ఇదేమిటే, నన్ను జంతికల్లా చుట్టావు?" అంది. పైపులో చూడమన్నాను. చూసింది, కానీ మొహం పొట్టిగా, బుగ్గలు బూరెల్లా కనిపించాయట. నా లెక్కంతా నా కంటి ఎత్తుకి, ఆవిడేమో నాకంటే పొట్టి. గబగబా కింద దిండు వేసి కూర్చోబెట్టాను. ఈసారి సరిగ్గా ఫోటోలోలాగే, చెంపలు లోపలికి పోయి, కోలగా.

కాసేపు చూసి, "ఆ దిండు తీసెయ్యి. ఇందాకటిదే బావుంది" అంది.