రాముడు పెట్టిన పిండం

పోయినవాళ్ళ ఇంటికి పరామర్శకి వెళ్తే, "ఏడవకండమ్మా, మీ కన్నీళ్ళు ఆయనకి తగులుతాయి" అనేవాళ్ళు ఒక్కరైనా కనిపిస్తారు. వాళ్ళ మాటకి ఆధారం లేకపోలేదు. యాజ్ఞవల్క్య స్మృతిలోనే ఉంది:

శ్లేష్మాశ్రు బాంధవైర్ముక్తం ప్రేతో భుంక్తే యతోఽవశః
అతో న రోదితవ్యం హి క్రియాః కార్యాః స్వశక్తితః

బంధువులు విడిచే కన్నీళ్ళూ చీమిడీ పోయినవాడు తన వశం లేక తినాల్సి వస్తుంది, అందుకే ఏడవకూడదు, శక్తికొద్దీ క్రియలు చేయాలి అని దీని అర్థం. అయితే మనవాళ్ళు దీన్ని "ఏడవకూడదు" అన్నంతవరకే చదువుతారు. క్రియలు శక్తికొద్దీ చేయమన్న చివరి ముక్క ఎవరికీ గుర్తుండదు. అప్పు తెచ్చి పెద్దకర్మ చేస్తారు. వీధి మొదట్లో ఫ్లెక్సీ, భోజనాల్లో రెండు రకాల స్వీట్లు, "వాళ్ళింట్లో కంటే బాగా చేశారు" అన్న మెప్పు. ఏడవడానికి లేని అనుమతి అప్పు చేయడానికి ఎక్కడి నుంచి వచ్చిందో నాకర్థం కాదు.

నాకు మనసు బాగాలేనప్పుడల్లా అయోధ్యాకాండలో చిత్రకూటం ఘట్టం తీస్తాను. దశరథుడికి నలుగురు కొడుకులు. ప్రాణం పోయేవేళ ఒక్కడూ పక్కన లేడు. ఇద్దరు అడవిలో, ఇద్దరు కేకయలో. భరతుడు వచ్చేదాకా దేహాన్ని తైలద్రోణిలో, అంటే నూనె తొట్టిలో ఉంచారు. నిప్పు పెట్టింది పెద్దకొడుకు కాదు. 2020, 2021 కరోనా రోజుల్లో విమానాలు లేక, అమెరికా నుంచో గల్ఫ్ నుంచో తండ్రి దహనాన్ని ఫోన్లో చూసిన కొడుకులూ కూతుళ్ళూ ఎందరో ఉన్నారు. ఆ తప్పు తమదేనన్నట్టు ఇప్పటికీ కుమిలిపోతున్నారు. నాయనా, రాముడికే దక్కలేదు ఆ అవకాశం.

తండ్రి ఇక లేడని భరతుడి నోట విని రాముడు మూర్ఛపోయాడు. తేరుకుని ఏడ్చాడు. ఆ తర్వాతే లక్ష్మణుడితో గారపండు పిప్పి, ఉత్తరీయంగా నారచీర తెమ్మన్నాడు. సీత ముందు నడవాలి, ఆమె వెనక నువ్వు, అందరికంటే వెనక నేను, ఈ నడక చాలా దారుణమైనది అన్నాడు. మందాకిని రేవులోకి ఆయన్ని పట్టుకుని దింపినవాడు తండ్రి సారథి సుమంత్రుడు. (దుఃఖంలో ఉన్న ఇంటికి ఇలాంటి పాతమనిషి ఒకడు ఉండాలి. లెక్కలడగడు, సలహాలివ్వడు, చెయ్యి పట్టుకుంటాడు.) దక్షిణానికి తిరిగి, దోసిట నీళ్ళు పట్టి, ఏడుస్తూనే వదిలాడు. రేగుపళ్ళు కలిపిన ఆ గారపిప్పిని దర్భలమీద పెట్టి అన్నాడు:

ఇదం భుంక్ష్వ మహారాజ ప్రీతో యదశనా వయమ్
యదన్నః పురుషో భవతి తదన్నాస్తస్య దేవతాః

మహారాజా, మేము తింటున్నదే ఇది, ప్రీతితో తిను. మనిషి ఏది తింటాడో అతని దేవతలకీ అదే అన్నం.

కోసల దేశాన్నేలిన రాజుకి అడవికాయ పిప్పి! తరువాత కౌసల్య రేవులో ఆ పిండాన్ని చూసి తల్లడిల్లిపోయింది. అయినా రాముడు భరతుణ్ణి అయోధ్య నుంచి బియ్యం తెప్పించమనలేదు. పెట్టేవాడి బతుకులో ఏముందో అది విస్తట్లోకి రావాలి. పోయినవాళ్ళు మన ఇంటివాళ్ళే కదా, మన వంట వాళ్ళకి కొత్తా?

తర్పణం అయ్యాక కూడా రాముడి ఏడుపు ఆగలేదు. పర్ణశాల గుమ్మంలో తమ్ముళ్ళని రెండు చేతులతో పట్టుకున్నాడు. వాళ్ళ ఏడుపు కొండల్లో మారుమోగితే భరతుడి సైన్యం ఉలిక్కిపడిందంటాడు వాల్మీకి.

మా నాన్న పోయినప్పుడు తమ్ముడు కంటతడి పెట్టలేదు. షామియానా, క్యాటరింగ్, బంధువుల రైలు టికెట్లు, అన్నీ వాడే చూశాడు. "గట్టివాడు" అని అందరూ మెచ్చుకున్నారు. తరువాత నెలనెలా పెట్టే మాసికాల్లో ఒకదానిలో, పోయినవాళ్ళ తరఫున భోజనానికి కూర్చునే భోక్తగారి విస్తట్లో కందిపచ్చడి వడ్డించబోయి చెయ్యి ఆగిపోయింది. నాన్నకి అదంటే ప్రాణం. వాడు అక్కడే కూలబడి ఏడ్చాడు. పక్కన ఎవరో "అయ్యో, కర్త ఏడవకూడదు" అనబోతే పురోహితులు చేత్తోనే వారించారు. "కానివ్వండి, తొందరేం లేదు" అని మంత్రం ఆపి కూర్చున్నారు. ఆయనకి శాస్త్రం తెలుసు, మనిషీ తెలుసు.

చిత్రకూటంలో తల్లులు వచ్చినప్పుడు రాముడు లేచి వాళ్ళ పాదాలకి మొక్కాడు. వాళ్ళు మెత్తని చేతులతో ఆయన వీపుమీది దుమ్ము తుడిచారు. భర్తను పోగొట్టుకున్న ఆ ఆడవాళ్ళే కొడుకు ఒళ్ళు తుడిచారు. మన ఇళ్ళల్లోనూ అంతే, అందరికీ కాఫీ అందిందా అని అడిగేది ఆ అమ్మే.

పన్నెండో రోజు సాయంత్రం అందరూ బస్సులెక్కేస్తారు. ఒక్కరైనా ఆగండి. ఆ రాత్రి అమ్మ ఏ గదిలో పడుకుంటుందో కనుక్కోండి. ఆమె మందులు తెచ్చిపెట్టే పని నాన్నదే అయితే, రేపటి నుంచి ఎవరిదో అప్పుడే తేల్చుకోండి. ఆబ్దికానికి పిలిచే జనాన్ని తగ్గించి, ఆ డబ్బుతో ఆమె కంటి ఆపరేషన్ చేయించండి. ఆమె నాన్న గురించి చెప్పిందే చెబుతుంటే మాట మార్చకండి. మాసికాలకి పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి, ఒక్కరోజు స్కూలు పోతే ఏం కాదు.