పడవ మీద చేపల తూకం

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధంలో కళింగపట్నం వెళ్లినప్పుడు, వల బాగుచేసుకుంటున్న మా మావయ్యతో, చేపలను సముద్రం మీదే తూచే కాటాలు ఉన్నాయని చెప్పాను. ఆయన నమ్మలేదు. "సంద్రం మీద మనిషే నిలబడలేడు, కాటా ఎలా నిలబడతాదిరా?" అన్నారు. అసలు చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఎలక్ట్రానిక్ కాటా పళ్లెం కింద లోడ్‌సెల్ అనే లోహపు దిమ్మె ఉంటుంది. బరువు పడగానే అది కంటికి ఆననంతగా వంగుతుంది. దానికి అతికించిన స్ట్రెయిన్ గేజ్‌లనే పలుచని పట్టీల విద్యుత్ నిరోధం ఆ వంపును బట్టి మారుతుంది. ఆ మార్పే తెర మీద కిలోలుగా కనిపిస్తుంది. అయితే అది కొలిచేది తన మీద పడే బలాన్నే కనుక, అల పడవను పైకి ఎగదోసినప్పుడు 20 కిలోల తట్ట 22 చూపవచ్చు, కిందికి జారినప్పుడు 18 చూపవచ్చు.

దీనికి కనిపెట్టిన ఉపాయం నాకు ఎంతో నచ్చింది. పక్కనే మరో లోడ్‌సెల్ మీద, బరువు ముందే తెలిసిన ఒక గుండును శాశ్వతంగా బిగిస్తారు. చేపలను కుదిపే అలే దాన్నీ అంతే కుదుపుతుంది. 10 కిలోల గుండు 11గా కనిపించిన క్షణంలో తట్ట 22 చూపితే, అసలు తూకం 20 అని యంత్రం నిష్పత్తి కట్టి తేలుస్తుంది. ఇలాంటి లెక్కలు ఎన్నో తీసి సగటు చూపుతుంది. ఐస్‌లాండ్‌లో 1983లో మొదలైన మారెల్ సంస్థ తొలినాళ్ల నుంచీ ఓడల కోసం ఇలాంటి కాటాలు తయారుచేసింది.

మన తీరంలోని చిన్న పడవలకు దీని అవసరం తక్కువ. వలలో చిక్కిన చేపలను చాలావరకు ఒడ్డుకు వచ్చాకే విడదీస్తారు, తూకం అక్కడే జరుగుతుంది. కానీ మన ఊళ్ల నుంచి విశాఖపట్నం వెళ్లి మరబోట్లలో కళాసీలుగా చేరేవారి సంగతి వేరు. వారు పట్టిన చేప రోజుల తరబడి ఐసులో ఉండి, రేవులో అమ్ముడయ్యాకే లెక్క తేలుతుంది. వల తీసిన ప్రతిసారీ తూకం, వేళ, చోటు నమోదైతే, అమ్మకంలో తన వాటా అడిగే కళాసీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది. ఐసులో ఉన్న చేప నీరు వదిలి కొంత తగ్గుతుంది కాబట్టి రేవు తూకంతో అది అచ్చంగా సరిపోదు. తట్ట బరువును, అంటుకున్న నీటిని ముందే మినహాయించాలి కూడా. అయినా ఆ తేడా ఎంతో అందరికీ తెలిసి ఉండడం న్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అంతా విన్నాక మావయ్య, "ఆ అంకె బోటు నడిపే సరంగుకేనా, కళాసీలకూ కనబడతాదా?" అని అడిగారు. తెరను సరంగు గదిలో కాక, చేపలు ఏరే చోట పెట్టాలని చెప్పాను.